దినారు జమ, రూపాయి బాకీ

బద్వేలు అంగళ్లలో కిరాణా బాకీకిగాని, వీసాకై తెచ్చిన యప్పునకుగాని కువైటునుండి సొమ్ము వచ్చుట క్రొత్తగాదు. కడప జిల్లానుండి పురుషులేగాక స్త్రీలును ఇంటిపనులకై అచ్చటికి బోవుచున్నారు. వారి కష్టార్జితము దినారులలో పుట్టును. వారి బాకీ రూపాయలలో పెరుగును. ఈ రెంటి నడుమనుండు మారకపు ధర ఖాతాలో కానరానిచో నష్టపడువా రెవ్వరు?

ఇటీవల మా న్యాయవాదవృత్తిలో నొక యంగడి ఆవర్జాను జూడ దటస్థించెను. ఒక తల్లి పేర "కువైటు 100, రూ. 26,500 జమ" అని పద్దు గలదు. తేదీ లేదు, ధర లేదు. అడుగగా "అప్పటి ధర" యని గుమాస్తా సమాధానము. కుమార్తె ఆ నూరు దినారులను అంగడివాని బ్యాంకుఖాతాకే పంపినది. పంపిన రసీదులో ధర 280 చొప్పున నున్నది. అనగా 28,000 రూపాయలు. తక్కిన 1,500 వడ్డీ గాదు, సరకు లాభమును గాదు; పేరులేని వట్టము. జమపడని యా సొమ్ముపై మరల వడ్డీయు నడచుచున్నది!

రెండు నాణెముల చిక్కు మన పెద్దలకు దెలియనిది గాదు. తుంగభద్ర కీవల కర్నూలులో సర్కారు రూపాయి, ఆవల నిజాము రాజ్యమందలి యలంపురములో హాలీ సిక్కా. ఆరు సర్కారు రూపాయలకు సుమారు ఏడు హాలీ రూపాయలు మారకము. రెంటికిని పేరు రూపాయియే యగుటచే, ఏ రూపాయియో చెప్పని పద్దు తగవునకు మూలమగును. కువైటులోనన్ననో 1961 వఱకు మన రూపాయియే చెల్లుచుండెను. ఆ యేట దినారు వెలువడినపుడు దాని వెల పదమూడు రూపాయల మూడవవంతు మాత్రమే. నేటి ధరను జూచి నిట్టూర్చువా రీ సంగతి నెఱుగుదురో లేదో.

మఱియొక చిన్న మెలిక. దినారునకు వేయి ఫిల్సులు. నూరుపైసల లెక్క కలవాటుపడిన చేయి 12-50 అని వ్రాయును. అది యేబది ఫిల్సులా, అయిదువందలా? 280 ధరకు ఆ తేడా 126 రూపాయలు. చుక్క పిమ్మట మూడంకెలు వేసి 12.050 అనియో, 12.500 అనియో వ్రాసిన చాలును.

తేదీ, దినారులు, ధర, రూపాయలు: పద్దునకు నాలుగు గళ్లుండవలెను. నిజముగా దినారులలోనే రావలసిన బాకీ యున్నచో, దానిని పుట్టిననాటి ధరకు వ్రాసి, మార్చి 31న ఆనాటి ధరకు మరల కట్టి, తేడాను లాభనష్టముల ఖాతాలో వేఱుగా చూపవలెను. లెక్కల ప్రమాణములలో 11వది చెప్పునదియు నిదియే. నోట్లనే తెచ్చి యిచ్చువారిని బ్యాంకునకో, అనుమతిగల మారకపు వర్తకునికో పంపుట మేలు. 1999 నాటి విదేశమారక చట్టము ననుసరించి అనుమతిలేని యంగడివాడు దినారుల క్రయవిక్రయములు సేయరాదు.

"ధర పడినపుడు నష్టము మాది గదా" యని వర్తకు లనవచ్చును. అట్లయిన ఆ పడిన ధరనే వ్రాయుదురుగాక. దానిని దాచుట యెందులకు? ఖాతా యున్నదిగదా యను ధీమాయు తగదు. 1872 నాటి సాక్ష్యచట్టపు 34వ విభాగమును, దాని స్థానమున 2024 జూలై 1 నుండి అమలులోనికి వచ్చిన క్రొత్త చట్టపు 28వ విభాగమును ఒక్కమాటయే చెప్పుచున్నవి: క్రమముగా వ్రాసిన లెక్క సాక్ష్యమగును గాని, అదియొక్కటియే యొకనిపై బాకీ మోపుటకు చాలదు.

ఆ తల్లికి చదువు రాదు. కుమార్తె పంపిన రసీదు మాత్రము ఆమె సెల్‌ఫోనులో భద్రముగా నున్నది. చూచి పద్దు దిద్దుదుమని యంగడివారు చెప్పి రెండు నెలలైనది, ఇంకను దిద్దలేదు.