గుర్తు పలికే మాట

పదం నేరుగా తెలిపేది వాచ్యార్థం. అది పొసగనప్పుడు దానితో సంబంధమున్న మరొక అర్థాన్ని గ్రహిస్తాం. అది లక్ష్యార్థం. ‘గంగలో పల్లె’ అన్నప్పుడు గంగ ఒడ్డున ఉన్న పల్లె అని తెలియడం ఇందువల్లనే. ఈ రెండింటికీ ఆవల స్ఫురించేది వ్యంగ్యార్థం. ఆలంకారికులు చేసిన ఈ విచారణ కావ్యాలకే పరిమితం కానక్కరలేదు. మాటకు బదులుగా గీతను, రంగును నిలిపిన చోట కూడా ఇది అక్కరకు వస్తుంది. పురుగుమందు డబ్బాను వారు ఊహించి ఉండరు గాని, దానిపై ఉండే గుర్తును పరిశీలించడానికి వారి పద్ధతే చాలు.

క్రిమిసంహారక మందుల చట్టం 1968లో వచ్చింది. 1971 నాటి నియమావళి డబ్బాపై కోణం మీద నిలిపిన చతురస్రాన్ని ముద్రించాలని నిర్దేశించింది. దాని కింది సగం విషతీవ్రతను రంగులో చెబుతుంది. అత్యంత తీవ్రమైతే ఎరుపు, అధికమైతే పసుపు, మధ్యస్థమైతే నీలం, స్వల్పమైతే ఆకుపచ్చ. పై సగంలో హెచ్చరిక పదం ఉంటుంది. ఎరుపు గుర్తుకు మాత్రం పుర్రె, ఎముకల బొమ్మ తోడవుతుంది.

డబ్బాలో పుర్రె ఉందని ఎవరూ భ్రమించరు. వాచ్యార్థం పొసగదు కనుక దానితో సంబంధమున్న మరణం బోధపడుతుంది. చదువురాని కూలీకి సైతం ఇది అందుతుంది. రంగుల సంగతి వేరు. నీలానికీ మధ్యస్థ విషానికీ సహజ సంబంధమేమీ లేదు. అది నేర్చినవారికే తెలిసే సంకేతం.

ఒక పదాన్ని తీసి, పర్యాయపదాన్ని వేసి చూడడం ఆలంకారికుల మరొక పరీక్ష. చమత్కారం నిలిస్తే అర్థాలంకారం, చెడితే శబ్దాలంకారం. రంగులనూ ఇలాగే మార్చి చూడవచ్చు. ఎరుపుకు బదులు ఆకుపచ్చ వేస్తే వెంటనే ఎబ్బెట్టుగా తోస్తుంది. కూడలిలోని దీపాలు ఆ రెండింటి తారతమ్యాన్ని అందరికీ నేర్పాయి. నీలానికి బదులు ఊదా వేస్తే ఎవరికీ ఏ తేడా తెలియదు. అంటే నీలం అక్కడ మౌనంగానే ఉందన్నమాట. మధ్యస్థ విషం కూడా ప్రాణం తీయగలదు కనుక ఆ మౌనం చిన్న లోపం కాదు.

ఆకుపచ్చ మరింత చిక్కైనది. వాచ్యంగా అది స్వల్ప విషం. కాని పచ్చని పైరు, లేత చిగురు, ఆహారపు పొట్లంపై శాకాహారాన్ని తెలిపే పచ్చని చుక్క స్ఫురింపజేసేది క్షేమాన్నే. వ్యంగ్యం వాచ్యాన్ని మించితే కావ్యం ఉత్తమమవుతుంది. మందు డబ్బాకు మాత్రం అది దోషం. కొద్దిగా విషముందని చెప్పవలసిన గుర్తు విషమే లేదని పలుకుతుంది. ఒట్టి చేతులతో మందు కలిపే కూలీని అజ్ఞానిగా తీసివేయడం సులభం. ఆ గుర్తు అతనితో ఏమన్నదో ఎవరూ అడగరు.

రంగులను తీసివేయనక్కరలేదు. వాటి పక్కన చేతి తొడుగులు, ముక్కుకు కట్టిన గుడ్డ, పిల్లలకు అందని అటక వంటి బొమ్మలు చేర్చాలి. వాటిని ముద్రించే ముందు చదువురాని పదిమందికి చూపి, “ఇది ఏమంటోంది?” అని అడగాలి. వారు చెప్పే జవాబును బట్టి బొమ్మను దిద్దాలి.