ఋతుస్రావపు కప్పు: ఎంపిక స్త్రీదే కావలెను

ఇంటి పెరటి దండెముపై చీరలు, ధోవతులు, పసిపిల్లల గుడ్డలు అందరి కంటబడునట్లు ఎండుచుండును. ఒక్క గుడ్డ మాత్రము ఎండ మొగము చూడదు. అది తడిచీర మాటుననో, స్నానపుగది మూలనో చీకటిలో ఆరుచుండును. ఉతికిన గుడ్డను ఎండలో ఆరవేయుడని ఆరోగ్యశాస్త్రము ఎంతకాలముగనో బోధించుచున్నను, ముట్టుగుడ్డకు ఆ భాగ్యము దక్కుట లేదు. ఎండకు వెల లేదు; దానిని అడ్డుకొనుచున్నది సిగ్గు. ఋతుస్రావమునకు సంబంధించిన ఏ సాధనమును గూర్చి మాటలాడువారైనను ఈ సిగ్గును లెక్కలోనికి తీసికొనక తప్పదు.

2019–21 సంవత్సరములలో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 15 మొదలు 24 ఏండ్ల వరకు వయస్సు గల స్త్రీలను ఈ విషయమై ప్రశ్నించినది. వారిలో నూటికి 64 మంది ప్యాడ్లను, 50 మంది గుడ్డను వాడుచున్నట్లు తేలినది. రెండు అంకెలను కూడినచో నూరు దాటుచున్నది. అనగా పెక్కుమంది రెండింటిని కలిపి వాడుచున్నారు. కప్పు వాడువారు నూటికి ఒక్కరైనను లేరు. ఆనాడు అంత అరుదైన ఈ వస్తువు ఇప్పుడు మందుల దుకాణములలో లభించుచున్నది. కొన్ని రాష్ట్రములలో ప్రభుత్వ పథకముల ద్వారా ఉచితముగా గూడ పంచబడినది. కావున కప్పు మంచిదా, చెడ్డదా యను వాదముతో కాలము గడుపుట చాలదు. ఎవరికి ఏ కప్పు తగును, దానిని ఎట్లు ఎన్నుకొనవలెను, ఎన్నుకొను అధికారము ఎవరిది అను ప్రశ్నలకు సమాధానము కావలెను.

కప్పు కొత్త వింత యేమియు గాదు. లియోనా ఛామర్స్ అను అమెరికా నటి 1937లోనే రబ్బరు కప్పునకు పేటెంటు పొందినది. రెండవ ప్రపంచయుద్ధ కాలమున రబ్బరు కొరత వలన దాని తయారీకి ఆటంకము కలిగినది. నేడు లభించు కప్పులలో అధికభాగము వైద్యోపయోగమునకు తగిన సిలికోనుతో చేయబడినవి. గంట ఆకారము గల ఈ మెత్తని పాత్రను మడచి యోనిలో ప్రవేశపెట్టినచో, లోపల విచ్చుకొని గోడల కానుకొని నిలుచును. ప్యాడు రక్తమును పీల్చుకొనును. కప్పు దానిని పట్టి యుంచును. సాధారణముగా ఒక ఋతుకాలమున పోవు రక్తము మొత్తము 30 నుండి 40 మిల్లీలీటర్లు. ఒక కప్పు ఇంచుమించు 15 నుండి 30 మిల్లీలీటర్లు పట్టును. కావుననే దానిని తయారీదారు సూచించిన మేరకు 8 నుండి 12 గంటల వరకు లోపల ఉంచుకొనవచ్చును. స్రావము అధికమైన దినములలో అంతకు ముందే తీసి పారబోసి, కడిగి, మరల ధరింపవలెను.

2019లో లాన్సెట్ పబ్లిక్ హెల్త్ అను వైద్యపత్రిక, వివిధ దేశములలో జరిగిన 43 పరిశోధనలను, 3,319 మంది అనుభవములను సమీక్షించిన వ్యాసమును ప్రకటించినది. రక్తము కారుట విషయములో కప్పు ఇతర సాధనములకు తీసిపోదనియు, వాడుక తెలిసిన పిమ్మట నూటికి సుమారు 70 మంది దానినే కొనసాగింప గోరిరనియు అందు తేలినది. ఆ సమీక్షలోనే మరియొక విషయము గలదు: కప్పు అలవాటగుటకు కొన్ని నెలలు పట్టును; తోటి స్త్రీల సహాయము ఆ అలవాటునకు తోడ్పడును. మొదటి వాక్యమును ప్రచారకులు ఎలుగెత్తి చెప్పుచున్నారు. రెండవ వాక్యమును గూడ అంత గట్టిగా చెప్పవలసియున్నది. మొదటి నెలలోనే ఇబ్బంది పడిన స్త్రీ, తప్పు తన శరీరములో నున్నదని తలచి, కప్పును పెట్టె అడుగున పడవేయును.

కేరళ రాష్ట్రమున అలప్పుళ పురపాలక సంఘము 2019లో, ప్రభుత్వరంగ సంస్థయైన హెచ్.ఎల్.ఎల్. లైఫ్‌కేర్ వారి తోడ్పాటుతో 5,000 కప్పులను పంచ బూనినది. ఎర్ణాకుళం జిల్లాలోని కుంబళంగి గ్రామము 2022 జనవరిలో ప్యాడ్లు లేని గ్రామముగా ప్రకటింపబడినది. ఈ ప్రయత్నములు ప్రశంసనీయములు. బహిరంగసభలో ఋతుస్రావమును గూర్చి సంకోచము లేక మాటలాడుటయే ఒక విజయము. అయినను ఇట్టి పథకములను అనుసరింపదలచిన ఇతర ప్రాంతములవారు ఒక భేదమును మరువరాదు. పంచిన కప్పుల సంఖ్య వేఱు, వాడుకలోనికి వచ్చిన కప్పుల సంఖ్య వేఱు. మొదటిది రిజిస్టరులో కనిపించును. రెండవది ఆరు నెలల తరువాత ఇంటికి పోయి అడిగిననే గాని తెలియదు. గ్రామమంతకు ఒకే కొలత కప్పును పంచుట, అందరికి ఒకే కొలత చెప్పులు పంచుట వంటిది.

కొలతను గూర్చి వ్యాపారస్థులు చెప్పు సులభసూత్రము ఒకటి గలదు: ముప్పది యేండ్ల లోపువారికి, కాన్పు కానివారికి చిన్నది, తక్కినవారికి పెద్దది. ఇది ప్రారంభమునకు పనికివచ్చును గాని నిర్ణయమునకు చాలదు. ఒక కంపెనీ వారి చిన్న కప్పు మరియొక కంపెనీ వారి మధ్యరకమంత ఉండవచ్చును. కావున పెట్టెపై నున్న అక్షరమును గాక, మిల్లీమీటర్లలో నిచ్చిన వెడల్పును, పొడవును చూడవలెను. పొడవును నిర్ణయించునది గర్భాశయ ముఖద్వారము. ఋతుకాలమున చేతులు శుభ్రముగా కడుగుకొని వ్రేలితో చూచుకొన్నచో, అది దగ్గరగా తగులునో, లోతున నున్నదో తెలియును. దగ్గరగా నున్నవారికి పొట్టి కప్పు, లోతున నున్నవారికి పొడుగుపాటి కప్పు అనుకూలము. తన శరీరమును తాను తెలిసికొనుటలో దోషము లేదు.

గట్టిదనము రెండవ విషయము. గట్టి కప్పు లోపల సులభముగా విచ్చుకొనును; కాని కొందరికి మూత్రకోశముపై ఒత్తిడి కలిగించును. మెత్తని కప్పు సుఖముగా నుండును. కాని సరిగా విచ్చుకొనక కారవచ్చును. మొదటిసారి కొనువారికి మధ్యరకము మేలు. క్రింది కాడ పొడుగై గ్రుచ్చుకొనుచున్నచో, తయారీదారు అనుమతించినపుడు, కప్పును బయటికి తీసి కత్తిరించుకొనవచ్చును. లేటెక్సు పడనివారు రబ్బరు కప్పును కొనరాదు. ఏ పదార్థముతో చేసిరో, ఎవరు చేసిరో వ్రాయని కప్పును, ఘాటైన వాసన గల కప్పును, ఎంత చవుకయైనను విడిచిపెట్టవలెను.

కొందరు ముందుగా వైద్యురాలి సలహా పొందవలెను. కాపర్-టి వేయించుకొన్నవారు వారిలో మొదటివారు. కప్పును అట్లే లాగినచో కాపర్-టి స్థానము తప్పవచ్చును, ఊడిరావచ్చును. ఎవరైనను కప్పు అడుగుభాగమును నొక్కి, లోపలి గాలిపట్టును వదలించిన తరువాతనే తీయవలెను. ప్రసవమైనవారు, గర్భాశయము జారినవారు, తెల్లబట్టతో గాని దురదతో గాని బాధపడుచున్నవారు సలహా లేక వాడరాదు. కప్పు ధరించియుండగా హఠాత్తుగా తీవ్రజ్వరము, వాంతులు, ఒంటిపై ఎఱ్ఱని దద్దురులు, కళ్ళు తిరుగుట కలిగినచో, వెంటనే కప్పును తీసివేసి ఆసుపత్రికి పోవలెను. అట్టి విషప్రభావము మిక్కిలి అరుదు, కాని ప్రాణాపాయకరము.

శరీరమునకు తగిన కప్పు దొరికినను, ఇల్లు దానికి అనుకూలింపవలెను. ప్రతి ఋతుకాలమునకు ముందు, తరువాత కప్పును నీటిలో అయిదు నిమిషములైనను మరుగబెట్టవలెను. ఇది వ్రాయుటకు ఒక్క పంక్తి. అత్తగారు, తోటికోడలు తిరుగు వంటింటిలో, ముట్టు సంబంధమైన వస్తువును పొయ్యిపైకి ఎక్కించుట కోడలికి ఎంత కష్టమో ఆ పంక్తి చెప్పదు. చిన్న స్టీలు గిన్నెను ఒకదానిని ఇందులకే వేఱుగా ఉంచుకొనుట ఒక ఉపాయము. అత్తగారిని గూడ కూర్చుండబెట్టి వివరించుట అంతకంటె మంచి ఉపాయము. ఉదయమున నాట్లకు పోయి సాయంకాలమునకు తిరిగివచ్చు స్త్రీకి, పగలంతయు మార్చుకొన నక్కరలేని కప్పు వరమే. కాని చేతులు కడుగుకొనుటకు శుభ్రమైన నీరు, తలుపు గల మరుగుదొడ్డి ఇంటియందైనను లేనిచోట, కప్పుకంటె ముందు నీరు, తలుపు ఇయ్యవలెను.

అవివాహిత బాలికలు కప్పును వాడినచో కన్యత్వము చెడునను భయము అనేక కుటుంబములలో గలదు. దీనికి దాపరికము లేని సమాధానము చెప్పవలెను. కప్పు వలన కన్నెపొర సాగవచ్చును. ఆటల వలనను సాగవచ్చును. ఆ పొరను చూచి స్త్రీ నడవడిని నిర్ణయించు విద్య వైద్యశాస్త్రమున లేదు. 2018లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఐక్యరాజ్యసమితి ఇతర సంస్థలతో గలసి, కన్యత్వ పరీక్షలను నిలిపివేయవలెనని కోరినది. ఇంత చెప్పినను ఒక బాలిక ఇష్టపడనిచో, ఆమెను బలవంతపెట్టు హక్కు ఉపాధ్యాయురాలికి గాని, ఆరోగ్య కార్యకర్తకు గాని లేదు. ఆమెకు ప్యాడు, గుడ్డ ఉన్నవి.

ధన విషయమున గూడ లెక్క నిజాయితీగా నుండవలెను. నెలకు పండ్రెండు ప్యాడ్ల చొప్పున, ఏటికి పదమూడు ఋతుకాలములకు 156, అయిదేండ్లకు 780 ప్యాడ్లగును. ఒక్కొక్కటి అయిదు రూపాయలైనచో 3,900 రూపాయలు. జన ఔషధి కేంద్రములలో 2019 నుండి లభించిన రూపాయి ప్యాడ్లతో లెక్కించినచో 780 రూపాయలే. కప్పు కొన్ని వందల రూపాయలతో వచ్చి పెక్కేండ్లు మన్నును. అనగా పేదరాలికి పొదుపు కొలదిగా నుండవచ్చును. పైగా వెలయంతయు ఒక్కసారి చెల్లింపవలెను. కాని చెరువు గట్టుపైన, మురుగుకాలువలోను పడు 780 ప్యాడ్ల చెత్త తప్పుట ఊరి కందరికి లాభము.

తరచుగా ప్రస్తావింపబడని ప్రయోజనము మరియొకటి గలదు. కప్పుపై గీతలుండును గనుక ఎంత రక్తము పోవుచున్నదో స్త్రీకి స్వయముగా తెలియును. ఒక ఋతుకాలమున 80 మిల్లీలీటర్లు దాటినచో అది అధికస్రావము. పై సర్వేలో 15 మొదలు 49 ఏండ్ల స్త్రీలలో నూటికి 57 మంది రక్తహీనులని తేలిన దేశమున, ఈ కొలత చిన్న విషయము గాదు. “ఆడవారికి ఇది మామూలే” యని తరతరములుగా ఓర్చుకొన్న బాధ, ఒక అంకెగా మారి వైద్యురాలి ఎదుట నిలుచును.

కావున కప్పు సిఫారసు చేయదగిన సాధనమే. అయితే దానిని ఇచ్చువారు కనీసము రెండు కొలతలనైనను చూపవలెను. వాడుక తెలిసిన స్త్రీచేత నేర్పింపవలెను. మొదటి మూడు నెలలు ప్యాడును గూడ తోడుగా నుంచుకొనుమని చెప్పవలెను. ఆరవ నెలలో మరల వచ్చి కుశలమడుగవలెను. గుడ్డ వాడుకొనుచున్న స్త్రీని చిన్నబుచ్చరాదు. సబ్బుతో ఉతికి ఎండలో ఆరవేసిన గుడ్డయు ఆరోగ్యకరమే. ఏది ఎన్నుకొన్నను, తెలిసి ఎన్నుకొన్నచో చాలును. ఆ తెలివిడి ఇంటింటికి చేరిననాడు పెరటి దండెముపై ఆ గుడ్డకును చోటు దొరకును.