టీషర్ట్ మనదే, బొమ్మ ఎవరిది?

పోయినేడు ఫెస్ట్‌కి మా బ్రాంచ్ వాళ్ళం వేసుకున్న నల్ల టీషర్ట్ మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. వీపు మీద తెల్ల గీతలతో ఒక పడవ, దాని మీద ఆరేసిన వల, కింద "సముద్రం మా పక్కిల్లు" అని తెలుగులో ఒక లైను. వేరే బ్రాంచ్‌ల వాళ్ళు కూడా వచ్చి "డిజైన్ ఎవరిదిరా, అదిరింది" అన్నారు. "మనదే" అని చెప్పాను. అది అబద్ధం. ఆ బొమ్మ నేను గీసింది కాదు, అడిగి తీసుకున్నదీ కాదు. ఈ ఏడాది షర్టుల ఆర్డర్ ఇచ్చే టైమ్ దగ్గరపడింది. డిజైన్ పని మళ్ళీ నన్నే చూడమంటున్నారు. అందుకే ముందు ఈ విషయం చెప్పేసి, తర్వాత నా అభిప్రాయం చెప్తాను.

ఇంటర్ దాకా నాకు టీషర్ట్ అంటే రేపల్లె బజార్లో అమ్మ బేరమాడి కొనిచ్చేది. దాని మీద ఏం రాసుందో ఎవరూ పట్టించుకోరు. మా అడవులదీవిలో రొయ్యల చెరువు గట్టు మీద మేత చల్లే ఆయన గుండెల మీద "న్యూయార్క్" అని ఉంటుంది. ఐస్ బాక్సులు ఎత్తే కుర్రాడి షర్టు మీద ఏదో అమెరికా యూనివర్సిటీ పేరు ఉంటుంది. ఎల్‌కేజీ నుంచి ఇంగ్లీష్ మీడియంలో చదివిన నేను కూడా ఆ మాటలకి అర్థం ఎప్పుడూ వెతకలేదు. అవి చదవటానికి రాసినవి కావు, ఖాళీ నింపటానికి వేసినవి.

ఇక్కడ హాస్టల్లో చేరాక ఫోన్లో ఇండిపెండెంట్ లేబుల్స్ కనపడటం మొదలైంది. తెలియనివాళ్ళ కోసం చెప్తున్నా. ఇవి పెద్ద కంపెనీలు కావు. ఇద్దరో ముగ్గురో కలిసి సొంతంగా బొమ్మలు గీసుకుంటారు. తిరుప్పూరు లాంటి చోట నుంచి ప్లెయిన్ టీషర్ట్‌లు తెప్పించుకుని, యాభయ్యో వందో ప్రింట్ చేయించి, ఆన్‌లైన్లో అమ్ముకుంటారు. తాటిచెట్లు, ఎర్రబస్సు, ఆవకాయ జాడీ, పేకముక్కలు... నాకు తెలిసిన వస్తువులు బట్ట మీద కనపడటం అదే మొదటిసారి. సినిమా డైలాగుల షర్టులు అంతకుముందు చూశాను గానీ, వాటిలో హీరో ఉంటాడు, మన ఊరు ఉండదు. ఆ పడవ బొమ్మ చూసినప్పుడు మాత్రం నిజాంపట్నం హార్బర్‌లో నిలబడినట్టే అనిపించింది.

షర్టు రేటు 799 రూపాయలు. నచ్చింది, కొనలేదు. స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకున్నాను.

ఫెస్ట్‌కి డిజైన్ కావాలన్నప్పుడు ఆ స్క్రీన్‌షాటే బయటికి తీశాను. దాని మీద ఉన్న లేబుల్ గుర్తు చెరిపేశాను. పెద్దది చేస్తే అక్షరాలు మసకబారాయని వాటిని కూడా చెరిపి, అదే లైను మళ్ళీ నేనే టైప్ చేశాను. ఫైలు ప్రింటింగ్ షాపుకి పంపాం. 140 షర్టులు, ఒక్కోటి 240 రూపాయలు పడింది. ఫెస్ట్ రెండు రోజులూ వేసుకుని తిరిగాం, ఫొటోలు పెట్టాం. ఎవరికీ ఏ తేడా కనపడలేదు.

సెలవులకి ఇంటికెళ్ళినప్పుడు ఆ షర్టు తీగ మీద ఆరేసి ఉంది. మా నాయనమ్మ దాని ముందు నిలబడి కూడబలుక్కుంటా చదువుతోంది. ఐదో తరగతి దాకా చదువుకుంది, పేపరు రోజూ చదువుద్ది. "ఒరే అబ్బాయ్, ఇదేం రాశార్రా? సముద్-రం, పక్-కిల్-లు అంటన్నారు. వత్తులన్నీ ఏమైపోయినై?" అంది. అప్పుడు చూశాను. "ద్ర" ఉండాల్సిన చోట "ద్" విడిగా, "ర" విడిగా ఉన్నాయి. ప్రతి ఒత్తూ అలాగే విరిగిపోయింది. నూట నలభై మందిమి రెండు రోజులు వీపు మీద మోశాం, ఒక్కళ్ళం కూడా చదవలేదు.

మనం సీఎస్ వాళ్ళం కాబట్టి కారణం చెప్పటం తేలిక. యూనికోడ్‌లో "ద్ర" అనేది ఒకే గుర్తుగా ఉండదు. ద, పొల్లు, ర అని మూడు కోడ్‌లు వరసగా ఉంటాయి. వాటిని కలిపి ర కి వత్తు రూపం ఇచ్చే పని ఫాంట్ లోపలి రూల్స్‌దీ, షేపింగ్ ఇంజన్‌దీ. మన ఫోన్లలో, బ్రౌజర్లలో ఆ పని దానంతటది జరిగిపోతుంది కాబట్టి మనకి తెలియదు. నేను వాడిన పాత సాఫ్ట్‌వేర్లో ఇండియన్ భాషల సెట్టింగ్ ఆన్ చేయలేదు. అందుకే మూడూ పక్కపక్కన విడివిడిగా పడ్డాయి. టెక్నికల్‌గా ఇది చిన్న తప్పే. కానీ ఆ బొమ్మ నాది అయ్యుంటే, దాని మీద నేను రోజులు ఖర్చుపెట్టుంటే, ప్రింట్‌కి ఇచ్చేముందు ఒక్కసారైనా చదివేవాణ్ణి కదా? ఊరికే వచ్చింది కాబట్టి చదవలేదు.

ఆ రాత్రి ఆ లేబుల్‌కి మెసేజ్ పెట్టాను. "అక్కా, ఇలా చేశాను, సారీ" అని. రెండు రోజులకి జవాబు వచ్చింది. ఆవిడ తిట్టలేదు. పగలు ఉద్యోగం చేస్తూ, రాత్రిళ్ళు గీస్తే ఆ బొమ్మకి పదకొండు రోజులు పట్టిందట. మా ఫెస్ట్ ఫొటోలు ఆవిడ అప్పటికే చూసేశారు, ఎవరో తెలిసినవాళ్ళు పంపారు. "కాపీ కొట్టటం మాకు అలవాటైపోయింది తమ్ముడూ. కానీ ఆ విరిగిన అక్షరాలు చూసి నేనే అలా రాశాననుకుంటారు, అదే ఎక్కువ బాధ. అడిగి ఉంటే ఇచ్చేదాన్ని" అన్నారు. ఎంత ఇవ్వాలని అడిగితే షర్టుకి 20 చొప్పున చాలన్నారు. 2,800 రూపాయలు మూడు నెలల్లో కట్టాను. ఇంకో మాట కూడా అడిగారు: "నా పేరు వేయక్కర్లేదు. ఆ బొమ్మ మీది కాదని మీ వాళ్ళకి చెప్పండి, చాలు."

డబ్బులు కట్టటం తేలికగానే అయిపోయింది. ఆ రెండోది మాత్రం ఇన్నాళ్ళూ వాయిదా వేశాను. ఈ వ్యాసంతో చెప్తున్నాను.

ఇక నా అభిప్రాయం. టీషర్ట్ అంటే బట్ట, రంగు మాత్రమే కాదు. అవి ఎక్కడైనా దొరుకుతాయి. ఒక షర్టుని ఇంకో షర్టు నుంచి వేరు చేసేది దాని మీద ఉన్న గీత. ఆ గీత గీసినవాళ్ళకి డబ్బూ, పేరూ రెండూ అందకపోతే మన ఊరి బొమ్మలు గీసేవాళ్ళు మిగలరు. మళ్ళీ అందరం "న్యూయార్క్" వేసుకు తిరగాల్సిందే.

ఇది కొత్త సంగతి కూడా కాదు, మా తీరంలో ఒకసారి జరిగిపోయిందే. అడవులదీవి ఉండేది నిజాంపట్నం మండలంలో. యూరప్ వాళ్ళ పాత రికార్డుల్లో నిజాంపట్నం పేరు పెటపోలి. 1606లో డచ్చివాళ్ళు, 1611లో గ్లోబ్ అనే ఓడలో ఇంగ్లీషువాళ్ళు అక్కడికి వచ్చింది చేపల కోసమో రొయ్యల కోసమో కాదు, బట్టల కోసం. మిరియాలూ, లవంగాలూ దొరికే ఆగ్నేయాసియా దీవుల్లో మన తీరం అద్దకం బట్టలకి గిరాకీ ఎక్కువ. ఆ బట్టలిచ్చి మసాలాలు కొనేవాళ్ళు. చిరివేరు అనే మొక్క వేరు నుంచి తీసే ఎరుపుకి పెటపోలి ప్రాంతం పేరుమోసింది. కొనేవాళ్ళకి డిజైన్ మీద గట్టి పట్టింపు ఉండేది, అంచు కాస్త తేడాగా ఉన్నా వద్దనేవాళ్ళు. అంటే అప్పుడు కూడా ధర పలికింది గీతే.

తర్వాత ఆ బట్టలు యూరప్‌ని ఎంత ఊపేశాయంటే, అక్కడి నేతగాళ్ళ గోల తట్టుకోలేక ఫ్రాన్స్ 1686లో, ఇంగ్లండ్ 1700లో వాటి మీద నిషేధాలు పెట్టాయి. ఇంకోపక్క ఆ పని ఎలా చేస్తారో నేర్చుకోవటం కూడా మొదలుపెట్టారు. కూర్డూ అనే ఫ్రెంచ్ పాద్రీ ఇక్కడి అద్దకం పనివాళ్ళని అడిగి, పద్ధతంతా వివరంగా 1742లో ఉత్తరం రాసి పంపాడు. ఆయన తెలుగు నిఘంటువు కూడా కూర్చిన మనిషి. ఆ తర్వాత యూరప్ మిల్లులు మన డిజైన్లని పోలిన బట్టని మిషన్ల మీద చవగ్గా అచ్చేశాయి. కూర్డూ పేరు పుస్తకాల్లో ఉంది. ఆయనకి పని చెప్పినవాళ్ళ పేర్లు మీలో ఎవరైనా విన్నారా? నేనైతే వినలేదు.

ఆ పని ఇప్పటికీ బతికున్న చోటు మచిలీపట్నం పక్కన పెడన. బట్టని పాలూ కరక్కాయా కలిపిన నీళ్ళలో తడిపి ఆరబెట్టి, చెక్కిన చెక్క అచ్చులతో రంగు రంగుకీ విడిగా అద్ది, కాలవ నీళ్ళలో ఉతుకుతారు. వాళ్ళకి ఇప్పుడు పెద్ద దెబ్బ ఏంటంటే, అవే డిజైన్లని స్క్రీన్ ప్రింట్ కొట్టి "కలంకారీ" అని తక్కువ రేటుకి అమ్మేయటం. కొనేవాళ్ళకి తేడా తెలియదు. అది చదివినప్పుడు నాకు ఎవరి మీదా కోపం రాలేదు, సిగ్గేసింది. నేను ఆ పడవకి చేసింది అచ్చంగా అదే కదా.

నేను ఈ మాటలు హాస్టల్లో అన్నప్పుడు మూడు రకాల జవాబులు వచ్చాయి.

మొదటిది, "ఇన్‌స్టాలో పెట్టాక అది అందరిదీ." కాదు. మనం గిట్‌హబ్‌లో చూస్తూనే ఉంటాం. కోడ్ అందరికీ కనపడినంత మాత్రాన అందరిదీ అయిపోదు. లైసెన్స్ లేని కోడ్‌కి హక్కులన్నీ రాసినవాళ్ళవే. నిజంగా ఊరికే ఇచ్చేవాళ్ళు ఊరికే ఇస్తున్నాం అని రాసిపెడతారు. గూగుల్ ఫాంట్స్‌లో మండలి, గిడుగు, గురజాడ, పెద్దన, ధూర్జటి అని తెలుగు ఫాంట్లు ఉన్నాయి. అవి ఓపెన్ లైసెన్స్‌తో ఇచ్చినవి. మనం షర్టు మీద వేసుకోవచ్చు, అమ్ముకోవచ్చు, ఎవరినీ అడగక్కర్లేదు. ఎవరో కూర్చుని ఒక్కో అక్షరం గీసి, తెలిసే ఇచ్చారు. ఇచ్చినదానికీ, నేను తీసుకున్నదానికీ తేడా అదే.

రెండోది, "799 పెట్టి మనం ఎక్కడ కొంటాం?" నిజమే, నేనూ కొనలేదు. కొనలేకపోవటం తప్పు కాదు. ప్లెయిన్ షర్టు వేసుకోవచ్చు. కానీ అంత రేటు ఎందుకో తెలుసుకుంటే మంచిది. లక్ష షర్టులు ప్రింట్ చేసేవాళ్ళకి ఒక బొమ్మ ఖర్చు షర్టుకి పైసల్లో పడుతుంది. యాభై ప్రింట్ చేసేవాళ్ళకి అదే ఖర్చు షర్టుకి వందల్లో పడుతుంది.

మూడోది, "పెద్ద పెద్ద కంపెనీలే కొట్టేస్తుంటే మనమెంత?" దీనికి నా దగ్గర పెద్ద జవాబు లేదు. వాళ్ళు మారే దాకా మనం ఆగక్కర్లేదు అంతే. మన చేతిలో ఉన్నది 140 షర్టుల ఆర్డరు. దాన్ని సరిగ్గా చేద్దాం.

ఎలా అంటే, 2000లో చికాగోలో థ్రెడ్‌లెస్ అని ఒక టీషర్ట్ కంపెనీ మొదలైంది. ఎవరైనా డిజైన్ పంపొచ్చు, జనం ఓటేస్తారు, గెలిచింది ప్రింట్ అవుతుంది, గీసినవాళ్ళకి డబ్బులు వస్తాయి. మనం కాలేజీలో ఇదే చేయొచ్చు. బొమ్మలు గీసేవాళ్ళు సివిల్‌లో ఉన్నారు, ఈసీఈలో ఉన్నారు, నోట్సు చివరి పేజీలు చూస్తే తెలుస్తుంది. షర్టుకి 20 రూపాయలు పక్కన పెడితే గెలిచినవాళ్ళకి 2,800 అవుతుంది. బయటివాళ్ళ బొమ్మే కావాలంటే, ఎన్ని షర్టులో చెప్పి, ముందే అడిగి, ఒప్పుకున్నాకే ప్రింట్‌కి ఇద్దాం. గీసినవాళ్ళు సరేనంటే మెడ లోపలి వైపు వాళ్ళ పేరు చిన్నగా వేయిద్దాం. తెలుగు అక్షరాలుంటే టెక్స్ట్‌ని అవుట్‌లైన్స్‌గా మార్చి ఫైల్ పంపుదాం, అప్పుడు షాపు కంప్యూటర్లో ఒత్తులు విరగవు. పంపేముందు ఈ క్లబ్‌లో ఇద్దరు బయటికి చదివి సరే అనాలి. మా నాయనమ్మకి కూడా వాట్సాప్‌లో పంపుతాను, ఆవిడ దగ్గర తప్పు దాటిపోదు.

నేను ఈసారి డిజైన్ చేయను. ఎంట్రీలు తీసుకోవటం, లెక్కలు రాయటం, షాపు చుట్టూ తిరగటం చేస్తాను. ఫెస్ట్ రోజున ఎవరైనా వచ్చి "డిజైన్ ఎవరిదిరా?" అని అడిగితే, చెప్పటానికి ఒక నిజమైన పేరు ఉండాలి. నాకు కావాల్సింది అదొక్కటే.