వీపు సంచి

మా పాలకొల్లు నుండి హజ్‌కు బయలుదేరేవారు మదరసాకు వచ్చి, తమ సంచులు మా ముందు విప్పడం కొన్నేళ్ళుగా ఆనవాయితీ అయింది. "హజ్రత్, ఒకసారి చూసి పెట్టండి" అంటారు. పెద్ద పెట్టె సంగతి కాదు. అది మక్కాలోని బసలోనే ఉండిపోతుంది. జుల్‌హిజ్జా 8న మినాకు, 9న అరఫాత్‌కు, ఆ రాత్రి ముజ్‌దలిఫాకు, తిరిగి మినాకు, 12 లేక 13 వరకు వెంట ఉండేది వీపున వేసుకునే చిన్న సంచి. బస్సు దొరకని వేళ దానితోనే మైళ్ళు నడవాలి.

సంచి మనిషిని పట్టిస్తుందని మేమూ నమ్మినవారమే. ఒకరి సంచిలో మందులు పూటవారీగా చీటీలతో ఉంటాయి. ఒకరి దానిలో ఆవకాయ సీసా తప్ప మరేదీ సరిగా ఉండదు. ఇహ్రామ్‌లో సువాసన నిషిద్ధమని ఎంత చెప్పినా, ఏటా ఎవరో ఒకరు సువాసన సబ్బు పెట్టుకొస్తారు!

ఒక యువకుడు దాదాపు ఖాళీ సంచి తెచ్చి, "తవక్కుల్ హజ్రత్" అన్నాడు. పూర్వం యెమెన్ వాసులు కొందరు ఇలాగే వట్టి చేతులతో హజ్‌కు వచ్చి, మక్కా చేరాక ప్రజలను యాచించేవారని హజ్రత్ ఇబ్నె అబ్బాస్ (రజి) ఉల్లేఖించారు. ప్రయాణ సామగ్రి వెంట తీసుకోవాలనీ, వాటిలో మేలైనది దైవభీతి అనీ తెలిపే బఖరా సూరా 197వ ఆయతు ఆ సందర్భంలోనే అవతరించింది. ఇది విని ఆ యువకుడు సిగ్గుపడి, మరునాడు చాప, నీళ్ళ సీసా, కంకరరాళ్ళకు చిన్న గుడ్డసంచి సర్దుకొచ్చాడు.

ఇక మా పొరపాటు. ఒక ఏడాది కొబ్బరి వర్తకుడొకరు తెచ్చిన సంచిలో రెండు గొడుగులు, రెండు చాపలు, నాలుగు జతల చెప్పులు ఉన్నాయి. "అక్కడ కూడా దుకాణం తెరుస్తారా ఏమిటి?" అన్నాము. అందరూ నవ్వారు. ఆయనా నవ్వి ఊరుకున్నారు. ప్రక్కనే ఆయన కుమారుడు నిలబడి ఉన్నాడు.

హజ్ నుండి తిరిగి వచ్చిన తోటి యాత్రికుడు చెప్పగా తెలిసింది. అంతకు ముందు ఉమ్రాలో చెప్పులు పోయి, ఆయన భార్య అరికాళ్ళు ఎండకు బొబ్బలెక్కాయట. అందుకే ఈసారి అదనంగా మోశారు. ముజ్‌దలిఫాలో బృందం నుండి తప్పిపోయిన ఒక వృద్ధుడికి రెండవ చాప పరిచారు. మినాలో మూడు జతల చెప్పులు ముక్కూమొహం తెలియనివారి కాళ్ళకు చేరాయి.

అప్పుడు బుఖారీలోని ఒక ఉల్లేఖనం గుర్తుకు వచ్చింది. హజ్రత్ అనస్ (రజి) సాదా జీను మీద హజ్ చేశారని చెబుతూ, ఆయన మనవడు సుమామా వెంటనే, ఆయన పిసినారి కారని కూడా చేర్చారు. దైవప్రవక్త (స) సైతం అలాంటి జీను మీదనే హజ్ చేశారు. ఆయన ఎక్కిన ఒంటే ఆయన సామానూ మోసింది. ఏళ్ళ తరబడి పాఠం చెబుతూ ఆ పిసినారి అన్న మాటను పైపైన దాటిపోయాము. సామాను చూసి జనం ఏమనుకుంటారో సుమామాకు తెలుసు.

పరిహాసమాడటాన్ని హుజురాత్ సూరా నిషేధించిన సంగతి మేము పిల్లలకు నేర్పేదే. క్షమాపణ కోరేందుకు కొబ్బరి దుకాణానికి వెళ్ళాము. ఆయన కాయలు లెక్కిస్తూ, "నేనెప్పుడో మరచిపోయాను హజ్రత్. మా అబ్బాయే మరవలేదు" అన్నారు. ఆ అబ్బాయి సాయంత్రపు తరగతికి రావడం మానివేసిన కారణం అప్పుడు తెలిసింది. మేము వాడి ఎదుట కూడా తప్పు ఒప్పుకున్నాము. వాడు సలాం చెప్పాడు గాని, తరగతికి ఇంకా రాలేదు.

ఈ ఏడాది సంచులను గది తలుపు వేసి, ఒక్కొక్కరివే చూస్తున్నాము.