సిబ్బంది నిలిస్తేనే పడమటి కర్నూలుకు వైద్యం

కర్నూలు జిల్లా పడమటి మండలాల్లో ప్రభుత్వ వైద్యం గురించి ఎప్పుడు చర్చ వచ్చినా మాట భవనాల మీదికీ, పడకల సంఖ్య మీదికీ మళ్లుతుంది. 2021 మే 31న రాష్ట్రంలో 14 వైద్య కళాశాలలకు ఒకేసారి శంకుస్థాపన జరిగినప్పుడు ఆ జాబితాలో ఆదోని ఉంది. ఆ కళాశాలను ప్రభుత్వ, ప్రైవేటు భాగస్వామ్య పద్ధతిలో, అంటే ప్రైవేటు సంస్థ పెట్టుబడితో, నిర్వహణతో నడపాలన్న 2025 నాటి నిర్ణయం మీద రాజకీయ పక్షాల మధ్య పెద్ద వివాదమే నడిచింది. ఆ వాదన జరగవలసిందే. అయితే కళాశాల ఎవరి చేతిలో ఉన్నా దాని వార్డుల్లో రాత్రంతా మెలకువగా ఉండవలసిన స్టాఫ్ నర్సు, పల్లెల్లో గడపగడపకూ తిరగవలసిన ఏఎన్ఎం, ఆశా కార్యకర్త ఉద్యోగంలో ఎంతకాలం నిలుస్తారు, ఏపాటి శిక్షణతో నిలుస్తారు అన్న ప్రశ్నకు జవాబు దొరకనంత వరకు ఆదోనికి గానీ, ఎమ్మిగనూరుకు గానీ వైద్యం అందినట్టు కాదు.

ఏళ్ల తరబడి పని ఒత్తిడి తగ్గక మనిషి లోపలినుంచి అరిగిపోయే స్థితిని బర్నౌట్ అంటారు. మనస్తత్వవేత్త హెర్బర్ట్ ఫ్రాయిడెన్‌బర్గర్ న్యూయార్క్‌లోని ఒక ఉచిత వైద్యశాల సిబ్బందిని గమనించి 1974లో దీన్ని వర్ణించగా, 1981లో క్రిస్టినా మస్లాక్ సహ పరిశోధకురాలితో కలిసి దీన్ని కొలిచే ప్రశ్నావళిని వెలువరించారు. ఒంట్లో సత్తువ ఉడిగిపోవడం, చేసే పని మీద మనసు విరిగిపోవడం, తన వల్ల ఏమీ కావడం లేదన్న భావన బలపడడం దీని లక్షణాలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో తన వ్యాధుల వర్గీకరణ 11వ కూర్పులో దీనికి చోటిస్తూ, ఇది జబ్బు కాదనీ, సరిగా చక్కదిద్దని పని ఒత్తిడి నుంచి పుట్టే వృత్తిపరమైన స్థితి అనీ తేల్చి చెప్పింది. మూలం పనిచేసే చోటే ఉన్నప్పుడు ఏడాదికోసారి యోగా శిబిరం పెట్టి చేతులు దులుపుకోవడం కుదరదు. నర్సులు విసుక్కుంటారని రోగుల బంధువులు చేసే ఫిర్యాదులో నిజం లేకపోలేదు కానీ, ఆ విసుగుకు మెమోలు ఇవ్వడమే మందు అనుకునే అధికారులు డ్యూటీ చార్టును ఒక్కసారి తెరిచి చూడాలి.

2011 జనాభా లెక్కల ప్రకారం ఆదోని పట్టణంలో లక్షా 66 వేల మంది, ఎమ్మిగనూరులో 95 వేల మంది ఉన్నారు. చుట్టూ కోసిగి, కౌతాళం, పెద్దకడబూరు, నందవరం, గోనెగండ్ల వంటి వానపైరు మండలాలు ఉన్నాయి. ఆదోని నుంచి కర్నూలు సర్వజన ఆసుపత్రికి దాదాపు వంద కిలోమీటర్లు కాబట్టి, కాస్త స్తోమత ఉన్నవారు సరిహద్దు దాటి బళ్లారికో రాయచూరుకో పోతారు. లేనివారికి ఏరియా ఆసుపత్రే దిక్కు.

అలాంటి ఆసుపత్రిలో కాన్పుల గది పని ఎలా ఉంటుందో తెలిస్తే సిబ్బంది మారిపోవడం వల్ల జరిగే నష్టం అర్థమవుతుంది. నొప్పులు మొదలైన తల్లి స్థితిని పార్టోగ్రాఫ్ అనే గీతల పత్రంలో నమోదు చేయాలి. అరగంటకోసారి బిడ్డ గుండె చప్పుడు, తల్లి నాడి, నొప్పుల తీరు చూడాలి, నాలుగు గంటలకోసారి గర్భాశయ ముఖద్వారం ఎంత తెరుచుకున్నదో పరీక్షించాలి. బిడ్డ పుట్టిన నిమిషంలోపే తల్లికి ఆక్సిటోసిన్ సూది వేయాలి; బిడ్డ ఏడవకపోతే అదే నిమిషంలో అంబు బ్యాగుతో ఊపిరి అందించడం మొదలుపెట్టాలి. ఒకే నర్సు ఒకే రాత్రి నలుగురు తల్లులకు ఇవన్నీ చేయవలసి వస్తే, పార్టోగ్రాఫ్ కాన్పు అయిన తర్వాత తీరిగ్గా నింపే కాగితంగా మారిపోతుంది. బిడ్డకు ఊపిరి పోయడం నేర్పేందుకు 2009లో మొదలైన నవజాత శిశు సురక్షా కార్యక్రమంలో శిక్షణ రెండు రోజులే అయినా, ఆ నేర్పు చేతికి అలవడాలంటే అనుభవజ్ఞురాలైన నర్సు పక్కన నిలబడి నెలల తరబడి పనిచేయాలి. ఏటేటా ఒప్పందం పొడిగిస్తారో లేదో తెలియని కాంట్రాక్టు నర్సు ఎయిమ్స్ సంస్థల నార్సెట్ పరీక్ష నెగ్గి వెళ్లిపోతే ఆమెను తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు. ఖాళీ అయిన ఆ కుర్చీలో మరొకరిని కూర్చోబెట్టవచ్చు, ఆమె చేతిలోని నేర్పు మాత్రం ఆమెతోనే వెళ్లిపోతుంది.

పల్లెల్లో ఈ భారం మరో రూపంలో ఉంటుంది. 2005లో మొదలైన జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్ వెయ్యి మంది జనాభాకు ఒక ఆశా కార్యకర్తను నియమించింది. ఆసుపత్రిలో కాన్పు అయిన తల్లి ఇంటికి మూడో రోజు నుంచి 42వ రోజు దాకా ఆమె ఆరుసార్లు వెళ్లి బిడ్డ బరువు తూచాలి, ఒళ్లు చల్లబడుతున్నదేమో చూడాలి, పాలు పట్టే తీరు గమనించాలి. ఈ లెక్క నిలకడగా ఒకచోట ఉండే కుటుంబాలకు సరిపోతుంది. పడమటి మండలాల్లో మాత్రం పంట చేతికి రాని ఏడాది కుటుంబాలకు కుటుంబాలే సుగ్గికి, అంటే గుంటూరు మిరప చేలకో తెలంగాణ పత్తి చేలకో వలస పోతాయి. ఆరు, పది, పద్నాలుగో వారాల్లో టీకాలు పడవలసిన పసిబిడ్డ కూడా తల్లి చంకన అక్కడికే పోతుంది. ఆ బిడ్డ ఎక్కడుందో ఫోన్లు చేసి కనుక్కుని, అక్కడి ఆశాకు చెప్పి, తిరిగి వచ్చాక మిగిలిన టీకాలు వేయించడం రికార్డులో ఎక్కడా కనిపించని పని. తెలుగుతో పాటు కన్నడం, ఉర్దూ వినిపించే ఈ ప్రాంతంలో ఊరి ఇళ్లన్నీ తెలిసిన ఆశా మానేస్తే, కొత్తగా వచ్చే ఆమె ఆ ఇళ్ల నమ్మకాన్ని మళ్లీ మొదటినుంచి సంపాదించుకోవాలి. ఏఎన్ఎంల సంగతి చూస్తే, టీకాలు యూ-విన్‌లో, గర్భిణుల వివరాలు ఆర్‌సీహెచ్ పోర్టల్‌లో, బీపీ, షుగర్ వివరాలు ఎన్‌సీడీ పోర్టల్‌లో, మళ్లీ అవే రిజిస్టర్లలో ఎక్కించడానికే పొద్దు గూకుతుంది.

ప్రభుత్వాలు ఏమీ చేయలేదని చెప్పడం న్యాయం కాదు. ఆశాల గౌరవ వేతనం 2019లో 10 వేల రూపాయలకు పెరిగింది. 2025 మార్చిలో గ్రాట్యుటీ, వేతనంతో కూడిన ప్రసూతి సెలవు, 62 ఏళ్ల పదవీ విరమణ వయసు ప్రకటించారు. 2022 మేలో ప్రపంచ ఆరోగ్య సంస్థ దేశంలోని ఆశాలందరికీ కలిపి గ్లోబల్ హెల్త్ లీడర్స్ అవార్డు ఇచ్చింది. అయినా వారు ఇప్పటికీ స్వచ్ఛంద కార్యకర్తలుగానే లెక్కకు వస్తున్నారు. వారిని కార్మికులుగా గుర్తించాలని 2013లో 45వ భారత కార్మిక మహాసభ చేసిన సిఫార్సు అమలుకు నోచుకోలేదు. వైద్యుల విషయంలోనూ శిక్షణకూ నిలకడకూ ఉన్న సంబంధం బయటపడింది. ప్రభుత్వ సర్వీసులో ఉంటూనే స్పెషలిస్టు చదువుకు వెళ్లేందుకు ఉన్న పీజీ కోటా తగ్గినందుకు 2025 సెప్టెంబరు, అక్టోబరుల్లో ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల వైద్యులు రాష్ట్రవ్యాప్తంగా విధులు బహిష్కరించారు. పల్లెలో పనిచేస్తే పైచదువుకు దారి దొరుకుతుందన్న భరోసాయే యువ వైద్యులను మారుమూల కేంద్రాల్లో నిలబెడుతుంది. ఆ దారిని ఇరుకు చేసి, వైద్యులు పల్లెలకు రావడం లేదని నిందించడం తగదు.

పడమటి కర్నూలుకు ఇప్పుడు కావలసింది నిర్దిష్టమైన చర్య. సాధారణ ఆసుపత్రుల్లో ప్రతి అయిదుగురు రోగులకు ఒక నర్సు ఉండాలన్న భారత నర్సింగ్ మండలి ప్రమాణాన్ని బట్టి ఆదోని, ఎమ్మిగనూరు ఆసుపత్రులకు పోస్టులు మంజూరు చేసి, వాటిని శాశ్వత నియామకాలతోనే నింపాలి. పోస్టు ఇక్కడ, పని జిల్లా కేంద్రంలో అన్న డెప్యుటేషన్లను రద్దు చేయాలి, బదులు మనిషి చేరేదాకా ఎవరినీ రిలీవ్ చేయకూడదు. వరుస నైట్ డ్యూటీల తర్వాత సెలవు దయాదాక్షిణ్యం మీద కాకుండా చార్టులోనే రాసి ఉండాలి. కర్నూలుకు పిలిపించి పవర్‌పాయింట్ చూపి సంతకం తీసుకునే శిక్షణలు మాని, ఆదోనిలోనే కాన్పులు, పసిబిడ్డల సంరక్షణ నేర్పే శిక్షణ కేంద్రం పెట్టి, సీనియర్ నర్సులకే అదనపు వేతనంతో ఆ బాధ్యత అప్పగించి, శిక్షణ రోజును పనిదినంగా లెక్కించాలి. వలస బిడ్డల జాడ తీసే పనికి ఆశాలకు విడిగా పారితోషికం ఇవ్వాలి, ఒకే వివరాన్ని మూడు చోట్ల రాయించే పద్ధతి ఆగాలి.

ఇవన్నీ ఖర్చుతో కూడిన పనులే. సంవత్సరానికో కొత్త మనిషిని వెతికి, మళ్లీ నేర్పి, ఆ మధ్యకాలంలో ప్రతి కష్టమైన కాన్పునూ రాత్రివేళ వంద కిలోమీటర్లు రిఫర్ చేయడం ఇంతకంటే చవక కాదు, పైగా ఆ ఖర్చు మోసేది తల్లి, బిడ్డ, అప్పు తెచ్చిన కుటుంబం. ఈ ప్రాంత శాసనసభ్యులు పార్టీ ఏదైనా సరే, వైద్య కళాశాల వివాదం తేలేదాకా ఆగకుండా, వచ్చే బడ్జెట్‌లోనే ఈ రెండు ఆసుపత్రుల నర్సు పోస్టులకు నిధులు కేటాయించేలా ప్రభుత్వాన్ని ఒప్పించాలి.