క్యాలెండర్ మీద చుక్కలు



మన ఇళ్ళలో గోడ క్యాలెండర్ మీద పాల లెక్క ఉంటుంది, గ్యాస్ బండ వచ్చిన తేదీ ఉంటుంది. మాలో ఒకరు ఇంటర్ చదివే కూతురి కోసం అక్కడే చుక్కలు పెట్టడం మొదలుపెట్టారు. ఏడ్చిన రోజు, అన్నం కంచం తోసేసిన రోజు, గది గడియ పెట్టుకున్న రోజు. రెండు నెలలు తిరిగేసరికి చుక్కలన్నీ నెలసరికి ముందు వారంలోనే గుమిగూడాయి. పొగరనుకున్నది జబ్బని ఆ తల్లికి అప్పుడు తెలిసింది.

ముట్టయ్యాక పాటించాల్సిన వాటి గురించి మనవాళ్ళు ఎంతైనా చెబుతారు. ముందు వారం గురించి ఎవరూ నోరు విప్పరు. అందుకే ఈ సంచిక. ఆ బాధ మనసును కుదిపేసేంత తీవ్రమైతే డాక్టర్లు పీఎండీడీ అంటారు. 2013లో అమెరికా మనోవైద్యుల సంఘం మానసిక రుగ్మతలను వర్గీకరించే తన గ్రంథం డీఎస్ఎమ్-5లో దానికి విడిగా చోటిచ్చింది. హార్మోన్ల మామూలు హెచ్చుతగ్గులనే కొందరి మెదడు తట్టుకోలేదు, అంతే. పిల్ల తప్పేమీ లేదు. మందులున్నాయి, చాలామందికి ఉపశమనం దొరుకుతుంది. రెండు నెలల చుక్కలు డాక్టర్‌కు చూపించండి. చచ్చిపోవాలనుందని పిల్ల అంటే మాత్రం లెక్క కోసం ఆగకండి, ఆ రోజే తీసుకెళ్ళండి.

ఈ సంచికలో రాసినవాళ్ళందరూ అమ్మాయి మాటను ముందు నమ్మారు. పెళ్ళయితే అదే సర్దుకుంటుందన్న సలహాను మేం ఒక్క పేజీలోనూ రానివ్వలేదు. నాన్నలూ, ఈ సంచిక మీరూ చదవాలని మా కోరిక.