చలి అంకె ఒక్కటే చాలదు

కార్తీకం వచ్చిందంటే లంబసింగి, చింతపల్లి, మినుములూరు ఉష్ణోగ్రతలు పత్రికల్లో మొదటి పేజీకెక్కుతాయి. ఆ అంకె చూసి పర్యాటకులు బయల్దేరతారు, మంచిదే. కానీ అరకు లోయలోనూ, జోలాపుట్టు జలాశయం చుట్టుపక్కలా ఉన్న గిరిజన రైతుకు కావలసిన కబురు వేరు. కళ్లంలో కుప్పేసిన చోళ్లు, పరదా మీద ఆరబోసిన కాఫీ పండ్లు అతని ఏడాది కష్టం. బంగాళాఖాతంలో వాయుగుండం లేస్తే, రెండు రోజుల ముసురుకే కాఫీ బూజు పడుతుంది. 2014 అక్టోబరు 12న విశాఖ దగ్గర తీరం దాటిన హుద్‌హుద్ తుపాను, కాఫీకి నీడనిచ్చే సిల్వర్ ఓక్ చెట్లను ఈ కొండల మీద నేలకూల్చింది. వాతావరణ సూచనలో ‘అక్కడక్కడా వానలు’ అంటే ఏ కొండకు? వాన కబురు మండలం పేరుతో, ఆదివాసీ ఒడియా, కువి భాషల్లో, రెండు రోజుల ముందే వారపు సంతకు చేరాలి. చలి చూడ్డానికొచ్చేవాళ్లకన్నా ముందు, పంట కాచుకునేవాళ్లకు చెప్పాలి.